గుమ్మం దాటని పుస్తకంతో టూంగాబీ దాకా

సిడ్నీ వెళ్ళొచ్చానని చెప్పగానే అందరూ ఒకటే అడుగుతున్నారు, బ్రిడ్జి దగ్గర ఫోటో దిగావా అని. దిగలేదండీ. సముద్రం కూడా చూడలేదు. దారిలో ఆల్బరీ అనే ఊళ్ళో ఆగాను, ఆ తర్వాత సిడ్నీ శివార్లలో టూంగాబీ అనే పేటలో ఒక ఇంటి గరాజ్‌లో కూర్చున్నాను. నా ప్రయాణమంతా ఇంతే. కానీ అక్కడ చూసినవి, విన్నవి నాలోనే ఉంచుకోవడం నా వల్ల కావడం లేదు. పదో తరగతి అయ్యాక వంట కోర్సు చేశాను, అంతకుమించి చదువుకోలేదు. మాట్లాడినట్టే రాస్తాను, మీరే సర్దుకోవాలి.

టార్నీట్

మెల్‌బోర్న్‌కి పడమటి అంచున ఉంటుంది మా టార్నీట్. నిన్న గడ్డి ఉన్న చోట ఇవాళ ఇల్లు లేస్తుంది. వీధిలో సగం మందిమి తెలుగువాళ్ళమే. మా ఆయన గోడౌన్‌లో పని చేస్తాడు, నేను ముసలివాళ్ళ హోమ్‌లో లాండ్రీ చూస్తాను.

పోయిన చలికాలంలో మా వీధిలో ఉండే స్టూడెంట్ కుర్రాడొకడు కారు ప్రమాదంలో పోయాడు. వాడి రూమ్మేట్లు మా హాల్లో కూర్చుని ఏడుస్తున్నారు. హాస్పిటల్ వాళ్ళేమో ఫోన్ చేసి, ఏ ఫ్యూనరల్ కంపెనీని పెట్టుకున్నారని అడుగుతున్నారు. పెట్టుకోవడం ఏంటి? మా ఒంగోలు వైపు మనిషి పోతే పిలవకుండానే జనం వస్తారు. వెదురు తెచ్చేవాళ్ళు తెస్తారు, నీళ్ళు కాచేవాళ్ళు కాస్తారు. ఇక్కడ స్నానం చేయించనిస్తారా, పెట్టెలో నువ్వులూ బియ్యం వేయనిస్తారా, అసలు ఎవరిని అడగాలి, ఒక్కటీ తెలియదు. వాట్సాప్ గ్రూపులో అడిగితే జవాబులు వచ్చాయి. కానీ వాటి కింద పుట్టినరోజు శుభాకాంక్షలు, బిర్యానీ ఆర్డర్లు వచ్చిపడి, మళ్ళీ వెతికితే దొరకలేదు.

మా వీధి చివర విజయ ఆంటీ ఉంటుంది, స్కూల్ బస్సు నడుపుతుంది. ఆవిడే అంది: "ఫోన్లో పెడితే ఎటో పోతానే ఉంటది శిరీషా. కాయితం మీద పెడదాం. కాయితం పెట్టిన చోటే ఉంటది."

అలా పుట్టింది 'ఎవరైనా పోతే' అనే చిన్న పుస్తకం. తెలిసినవాళ్ళందరినీ అడిగి నేను చేత్తో రాశాను. ఆంటీ బొమ్మలు వేసింది. లైబ్రరీలో జిరాక్స్ తీసి, మధ్యకి మడిచి, బస్తాలు కుట్టే దారంతో కుట్టాం. ముందు ఎవరికి ఫోన్ చేయాలి, ఏ కాగితాల మీద సంతకం పెట్టాలి, అస్థికలు నీళ్ళలో కలపాలంటే ఎవరి అనుమతి అడగాలి, ఇలాంటివన్నీ ఉంటాయి అందులో. ఇక్కడ కట్టెలూ నిప్పూ ఉండవు. పెట్టె లోపలికి వెళ్ళాక ఒక బటన్ నొక్కుతారు. అడిగితే కొన్ని చోట్ల ఇంటివాళ్ళనే నొక్కనిస్తారు. అది కూడా రాశాం. చివర్లో ఏ పేట వాళ్ళు ఆ పేట సంగతులు రాసుకోవడానికి ఖాళీ పేజీలు వదిలాం.

మొదటి కట్ట కుట్టడం అయ్యాక నేను చేసిన పని వింటే నవ్వుతారు. కొత్త పుస్తకం కదా అని, చెయ్యి అలవాటు కొద్దీ ప్రతిదానికీ నాలుగు మూలలా పసుపు రాసేశాను. విజయ ఆంటీ చూసి నెత్తి కొట్టుకుంది.

"ఇదేమన్నా శుభలేఖ అనుకున్నావటే? చావు పుస్తకానికి పసుపు పెడతారా ఎక్కడన్నా!"

"అలవాటులో పెట్టేశా ఆంటీ. తుడిస్తే పోద్దేమో."

"పసుపు ఎక్కడ పోద్దే! కత్తెర పట్రా."

అన్నిటికీ మూలలు కత్తిరించాం. నాలుగు మూలల పుస్తకం ఎనిమిది మూలలదైంది.

పంచడం మొదలుపెట్టాక ఇంకో సంగతి తెలిసింది. పుస్తకం అందరికీ కావాలి, ఇంట్లోకి మాత్రం ఎవరూ తీసుకెళ్ళరు. అశుభం కదా. కారులో కూర్చుని చదువుకుంటారు, డాష్‌బోర్డు అరలో దాచుకుంటారు. కేరమ్ డౌన్స్ గుడికి వెళ్ళినప్పుడు కార్ పార్కులో ఒక అంకుల్‌కి ఇవ్వబోతే, చేత్తో అందుకోకుండా డిక్కీ తెరిచి, "అందులో పడేయమ్మా, తర్వాత చూసుకుంటా" అన్నాడు. అలా కారు నుంచి కారుకి తిరిగి ఒక కాపీ సిడ్నీ చేరింది. అక్కడి నుంచి సరిత అనే అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ళది నిజామాబాద్ దగ్గర పల్లె.

"అక్కా, మా ఆయనకి కాన్సర్. ఇగ వారాలే అంటున్రు డాక్టర్లు. మీ బుక్కు గురించి చెప్తే ఆయనే చదువుతా అంటున్నడు. పోస్టుల పంపకుండ్రి, మా అత్తమ్మ చూస్తే చింపేస్తది. ఎవరన్నా చేతికి ఇయ్యరా?"

మిగిలినవాళ్ళ కోసమని రాసిన పుస్తకం అది. పోయే మనిషి అడుగుతాడని మేమెప్పుడూ అనుకోలేదు. ఆంటీకి చెబితే బొమ్మలేస్తున్న పెన్ను పక్కన పెట్టేసింది. తర్వాత, "నువ్వు పో. బస్సు వదిలి నేను రాలేను" అంది. లీవు పెట్టాను.

ఆల్బరీ

దారిలో ఆల్బరీలో ఇలా చేత్తో చేసిన పుస్తకాల సంత ఉందని ఆంటీ లైబ్రరీ గోడ మీద కాగితం చూసి, సగం బల్ల మాట్లాడిపెట్టింది. రైలు దిగానో లేదో నా పెట్టె చక్రం ఊడి, పుస్తకాలన్నీ ప్లాట్‌ఫాం మీద పడ్డాయి. స్టేషన్ మనిషి ఏరిపెడుతూ శవపేటిక బొమ్మ చూసి ఆగిపోయాడు. నా మొహంలోకి చూసి, "అమ్మాయీ, నువ్వు బాగానే ఉన్నావా?" అని అడిగాడు. బాగానే ఉన్నానని ఎన్నిసార్లు చెప్పినా నమ్మక, ట్యాక్సీ దాకా వచ్చి ఎక్కించాడు.

ఊరి హాల్లో వరసగా బల్లలు. ఒకరు పాత బస్ టికెట్ల మీద కవితలు రాశారు. ఒకరు తన మోకాలి ఆపరేషన్ మీద బొమ్మల పుస్తకం వేశారు. వీటిని వాళ్ళు జీన్‌లు అంటారు, మేగజీన్‌లో చివరి ముక్క. మన కాగితం, మన దారం, మన ఖర్చు, ఎవరినీ అడగక్కర్లేదు. నా పక్క బల్ల మోరీన్ అనే పెద్దావిడది. మా పుస్తకం చేతిలోకి తీసుకుని, కత్తిరించిన మూలల మీద వేలు పెట్టి తిప్పి చూసి, డిజైన్ చాలా బాగుందంది. పసుపు సంగతి చెప్పాను. పడీపడీ నవ్వి, తన పుస్తకం ఒకటి నా ముందు పెట్టింది.

"ఎంత?" అన్నాను.

"డబ్బులు కాదు. నాది నీకు, నీది నాకు."

అక్కడ అదే పద్ధతి. ఒక పుస్తకం ఇస్తే ఒకటి పుచ్చుకోవాలి. నోముల్లో వాయనం ఇచ్చుకుంటాం చూడండి, ఇస్తినమ్మా అంటే పుచ్చుకుంటినమ్మా అని, నాకు అదే గుర్తొచ్చింది. కాకపోతే ఇక్కడ కొంగు పట్టే పని లేదు.

మోరీన్ పుస్తకం నిండా పనిముట్ల బొమ్మలే. ఆవిడ భర్త పోయాడు, అవి ఆయన షెడ్డులోవి. ఒక్కో దాని కింద, ఇది ఎవరు అరువడిగేవారు, దాంతో ఏం బాగుచేసుకున్నారు అని రాసుంది. కొన్ని బొమ్మలు ఉత్త గీతలే. అవి తిరిగి రాని పనిముట్లు.

"ఇది పంచాక ఒకాయన మా ఇంటికొచ్చాడు, సుత్తి తిరిగివ్వడానికి" అంది. "టీ తాగి, నా భర్త గురించి నాకు తెలియనివి బోలెడు చెప్పి వెళ్ళాడు. ఆ తర్వాత ఇంకొకావిడ రంపం పట్టుకొచ్చింది. అంత్యక్రియలకి రానివాళ్ళు కూడా పనిముట్లతో వచ్చారు."

ఆవిడ టీ, స్కోన్ తెప్పించింది. స్కోన్ అంటే తీపి తక్కువగా ఉండే చిన్న రొట్టె, జామ్, మీగడ పెట్టుకుని తింటారు. తొమ్మిది డాలర్లట. నా పులిహోర డబ్బా తీసి సగం ఆవిడకి పెట్టాను. పచ్చిమిరపకాయ కొరికి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది కానీ గిన్నె ఖాళీ చేసింది. నేను ఎక్కడికి వెళ్తున్నానో చెబితే తన సూది ఒకటి, మైనం రాసిన దారపు ఉండ ఒకటి నా సంచిలో పెట్టింది.

"అక్కడ చేర్చాల్సింది ఏదన్నా ఉంటే అక్కడే కుట్టు. ఇంటికి వెళ్ళాక చేద్దామనుకుంటే మాట మారిపోతుంది" అంది.

సాయంత్రం ముర్రే నది దాకా నడిచాను. అస్థికలు కలపడానికి ఈ నది పేరు మా పుస్తకంలో ఉంది. రాసిందాన్ని నేనే, చూడటం మాత్రం అదే మొదటిసారి. మట్టి రంగు నీళ్ళు, ఒడ్డున లావుపాటి యూకలిప్టస్ చెట్లు, పిల్లలు తాడు పట్టుకుని ఊగి నీళ్ళలోకి దూకుతున్నారు. వాళ్ళని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

టూంగాబీ

సరిత గేటు దగ్గరే నిలబడి ఉంది. మనిషి సన్నగా, కళ్ళ కింద నల్లగా. ఆమె వెనక అత్తగారు రాజవ్వ. కొడుకు జబ్బు సంగతి తెలిసి విజిటర్ వీసా మీద వచ్చింది. భర్త చిన్నప్పుడే పోతే బీడీలు చుట్టి కొడుకుని చదివించిందట. ఆవిడ చూపు నా మీద లేదు, నా పెట్టె మీద ఉంది.

"గదేనా?" అంది సరితతో. తర్వాత నాతో, "బిడ్డా, నువ్వు మా ఇంటికొచ్చినవ్, మంచిగ తిను, పండు. గది మాత్రం గడప లోపల్కి రావద్దు" అంది.

పెట్టె గరాజ్‌లో పెట్టించింది. పంపు దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కోమంది. నెత్తి మీద పసుపు నీళ్ళు చల్లింది. అప్పుడు లోపలికి పిలిచి సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకి ఒత్తి కాల్చిన రొట్టె అది. మా వైపు ఉండదు. వద్దన్నా ఇంకోటి వేసింది. ఇంత ప్రేమగా తిండి పెట్టే మనిషితో నేను తెచ్చిన పని గురించి ఎలా మాట్లాడాలో నాకు తోచలేదు.

హాల్లో మంచం మీద నవీన్ ఉన్నాడు. బ్యాంకులో కంప్యూటర్ పని చేసేవాడట. గొంతు బాగా తగ్గిపోయింది, నవ్వు మాత్రం తగ్గలేదు.

"వచ్చినవా చెల్లె? బుక్కు ఏది?"

"గరాజ్‌లో ఉందన్నా. పెద్దమ్మ లోపలికి వద్దంది."

"అయితే నేనే బయటికొస్త. రిలీజ్ ఫంక్షన్‌కి చీఫ్ గెస్టునే కదా నేను."

"నీ నోట్లె మన్ను వడ! గవేం మాటల్రా" అని రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సరితా నేనూ చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, వంటింటి పక్క తలుపులోంచి గరాజ్‌లోకి దింపాం. వాషింగ్ మెషీన్, పాత సోఫా, పాప సైకిలు. అక్కడ ట్యూబ్‌లైట్ కింద ఒళ్ళో దుప్పటి కప్పుకుని, ఆ మనిషి తన చావు పుస్తకం తాను చదువుకున్నాడు. ప్రతి పేజీ మెల్లగా తిప్పాడు. వాళ్ళమ్మాయి అన్వి, ఎనిమిదేళ్ళుంటాయేమో, సైకిల్ మీద కూర్చుని, "డాడీ, ఈజ్ ఇట్ ఎ శాడ్ బుక్?" అంది. "లేదు బిడ్డ, హోమ్‌వర్క్ బుక్కు" అన్నాడు.

ఒక పేజీ దగ్గర ఆగిపోయాడు.

"చెల్లె, ఇది ఎవరు రాసిన్రు? తలకొరివి కొడుకు పెట్టాలె, లేకపోతే అన్నదమ్ములు, వాళ్ళ కొడుకులు. నాకు కొడుకు లేడు. అన్నదమ్ములు లేరు. ఈ పేజీల నేను ఏడున్న?"

చిన్నప్పటి నుంచి విన్నదే రాసేశాం. ఇంకోలా ఉండొచ్చని మా ఎవరికీ తట్టలేదు.

"సరిత చెయ్యాలె" అన్నాడు. "నాకు గదే కావాలె. బటన్ ఆమెనే నొక్కాలె. గీ పేజీల భార్య అని రాయండ్రి."

తలుపు అవతల గిన్నె కింద పడ్డ చప్పుడైంది. రాజవ్వ గడప మీదికి వచ్చి నిలబడింది, ఇవతలికి మాత్రం దిగలేదు.

"ఆడిది కొరివి వెడ్తదారా? మనింట ఉన్నదా గది? రేపు ఊర్ల ఏమంటరు?"

"గందుకే అమ్మా, నీ ముందట చెప్తున్న. నేను పోయినంక సరితను మాటలంటరు. అప్పుడు ఆపెటందుకు నేనుండ. నువ్వు ఒప్పుకున్నవంటే ఇగ ఎవరన్నా ఏమంటరు?"

"నేను ఒప్పుకోను. ఒప్పుకుంటే నిన్ను నేనే తోలిచ్చినట్టు అయితది!" అని తలుపు వేసేసింది.

సరిత కుర్చీ వెనక నిలబడి దుప్పటి సర్దింది. కాసేపటికి నవీన్ నాతో అన్నాడు, "గా పేజీ మాత్రం కుట్టకు చెల్లె. అమ్మ చెప్పెదాంక పక్కకు పెట్టు."

గరాజ్‌లో ఆదివారం

మర్నాడు పక్కింటి శ్రీనన్న, ఆయన భార్య వచ్చారు. సరితకి సాయం చేద్దామని చాలా రోజుల నుంచి అనుకుంటున్నారట, ఏం చేయాలో తెలియక గేటు దాకా వచ్చి వెళ్ళిపోయేవారట. ఇప్పుడు నా పెట్టెలోని కుట్టని కాగితాలు చేతికి దొరికాయి. శ్రీనన్న వ్యాన్ ఉందని, ఎప్పుడు కావాలన్నా పిలవచ్చని రాశాడు. ఆయన భార్య పదో రోజు దాకా వంట తనదంది. వాళ్ళు ఫోన్ చేస్తే ఇంకొందరు వచ్చారు. మంత్రాలు తెలిసిన ఆయన పేరు, డాక్టర్ కాగితాలు చదివి చెప్పగలిగే అమ్మాయి పేరు, అన్నీ ఖాళీ పేజీల్లోకి ఎక్కాయి. ఒకరు మడుస్తుంటే ఒకరు కుడుతున్నారు. నవీన్ కుర్చీలో కూర్చుని అజమాయిషీ.

"శ్రీనన్నా, నీ రాత చూస్తే పోయినోడు లేచి వస్తడే."

"రానీయ్ తమ్మీ, అంతకంటే ఏం గావాలె" అన్నాడు శ్రీనన్న. కాసేపు ఎవరమూ తలెత్తలేదు.

అన్వి మాత్రం మడిచిన కాగితాలని గోటితో గీసి, "దిస్ వన్ ఈజ్ క్రూకెడ్, అంకుల్" అంటూ వెనక్కి ఇచ్చేస్తోంది.

మధ్యాహ్నానికి అందరూ వెళ్ళిపోయారు. నవీన్‌ని లోపల పడుకోబెట్టారు. నేనొక్కదాన్నే మోరీన్ సూదితో కుడుతున్నాను. తలుపు తెరుచుకుంది. రాజవ్వ వచ్చి ఎదురుగా కింద కూర్చుంది. కాగితాల కట్ట ఒళ్ళోకి లాక్కుని మడవడం మొదలుపెట్టింది. ఆ వేళ్ళు ఎంత చకచకా ఆడుతున్నాయో చెప్పలేను. ఎన్నేళ్ళు బీడీ ఆకు మడిచి దారం చుట్టాయో అవి.

"బిడ్డా, గా బటన్ నొక్కితే మంట కనపడ్తదా?" అంది ఉన్నట్టుండి.

"అన్ని చోట్లా కనపడదు పెద్దమ్మా. తలుపు మూసేస్తారు. వేడి మాత్రం తెలుస్తుందంట."

"పక్కన ఎవరుంటరు?"

"ఇంటివాళ్ళు కొద్దిమందిని రానిస్తారు."

"ఇంటోళ్ళు ఎవరు నొక్కకపోతే?"

"అక్కడ పనిచేసే మనిషి నొక్కుతాడు."

ఆవిడ చేతులు ఆగాయి. "తెల్వని మనిషా?"

"అవును పెద్దమ్మా."

"పేరు గూడ తెల్వనోడా, నా కొడుకును సాగదోలేది?"

నేను తలూపాను. ఆవిడ చేతిలో ఉన్న కాగితాన్ని విప్పి, మళ్ళీ మడిచి, మళ్ళీ విప్పింది.

"ఆమె వానికి నోట్లె నీళ్ళు వోస్తది. ఒళ్ళు తుడుస్తది. నాకు చేతగాక నేను పక్కకు మళ్ళి ఏడ్సిన నాడు గూడ ఆమె మళ్ళలే." కొంగుతో మొహం తుడుచుకుని, నా వైపు సూటిగా చూసింది. "రాయి బిడ్డా. భార్య చెయ్యచ్చని రాయి."

పెన్ను తీసుకుని రాశాను.

"గంతే రాస్తే సరితను ఊకుంటరా? కింద రాయి, తల్లి ఒప్పుకున్నదని. చదువు ఒకసారి."

చదివాను. "భార్య చేయవచ్చు. తల్లి ఒప్పుకుంది."

"ఆఁ" అని లేచి వెళ్ళిపోయింది. నేను ఆ పేజీ అక్కడే కుట్టాను.

సాయంత్రం నవీన్‌కి చూపిస్తే, చదివి, కళ్ళు మూసుకుని, చెయ్యి చాపాడు. ఆ చెయ్యి నా కోసం కాదు. రాజవ్వ వెళ్ళి మంచం పక్కన కూర్చుని పట్టుకుంది. ఇంతకు మించి ఆ రోజు గురించి రాయను.

తిరిగొచ్చాక

వచ్చాక మళ్ళీ లాండ్రీ, దుప్పట్లు. లైబ్రరీలో కొత్త పేజీ పెట్టి జిరాక్స్ తీశాం. విజయ ఆంటీ ఆ పేజీ చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఇద్దరు ముగ్గురు అంకుల్స్ గొడవపడ్డారు, ఇలా ఎక్కడుందని. ఒకామె మాత్రం కార్ పార్కులో కారు దిగి వచ్చి, "మాకు ఇద్దరూ ఆడపిల్లలే, కూతురు అని కూడా రాయొచ్చా?" అని అడిగింది. మీ ఆయన్నీ, ఇంట్లో పెద్దవాళ్ళనీ అడిగి వచ్చి మీరే రాయండి, చోటు ఉంచుతాం అని ఆంటీ చెప్పింది.

నవీన్ పోయిన సంగతి శ్రీనన్న చెప్పాడు. నేను వెళ్ళలేకపోయాను. పది రోజులూ గడిచాక సరిత ఫోన్ చేసింది. వ్యాన్ వచ్చిందట, వంటలు వచ్చాయట, ఎవరినీ దేనికీ వెతుక్కోవాల్సిన పని పడలేదట. ఏడవకుండా అన్నీ వరసగా చెప్పింది. బటన్ దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

"బటన్ మీద చెయ్యి పెట్టిన గాని నొక్కలేకపోయినక్కా. వెనకకెళ్ళి అత్తమ్మ వచ్చి నా చెయ్యి మీద చెయ్యి పెట్టింది. అప్పుడు నొక్కినం. ఎవరి చెయ్యి నొక్కిందో మాకే తెల్వదు."

అలవాటుగా నా నోట పుస్తకం మాటే వచ్చేసింది. "అది కూడా పేజీలో రాయమంటావా సరితా?"

అవతల వెనక రాజవ్వ అన్విని అన్నానికి పిలుస్తున్న గొంతు వినపడుతోంది.

"వద్దక్కా" అంది. "గది మా ఇద్దరి దగ్గర్నే ఉండనీ."

రాయలేదు. మీకు మాత్రం ఆమెనడిగి, సరేనన్నాకే చెబుతున్నాను.